తారాస్‌ను ఇచ్చి కార్మన్‌ను తెచ్చుకున్న ఏడాది

జెలేనా, సస్కాచెవాన్
18 నవంబరు 1974

ఒరేయ్ ఒరెస్టూ,

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానో నీకు తెలుసు. మా ఫోను లైను మీద ఇంకో ఐదిళ్ళున్నాయి, ఎవరు మాట్లాడినా అందరూ వినొచ్చు. మంగళవారం తారాస్ బస్టాండు నుంచి ఫోన్ చేసి, "అమ్మా, మామయ్య నన్ను కోల్డ్‌స్ప్రింగ్ జట్టుకి ఇచ్చేశాడు" అన్నప్పుడు నాకంటే ముందు ఏడ్చింది మిసెస్ హ్రిట్సాక్. ఆవిడ ముక్కు చీదుతుంటే ఆ చప్పుడు మధ్యలో నా కొడుకు మాటలు ఏరుకున్నాను. ఇప్పుడు నిన్ను తిట్టే తిట్లు కూడా ఆవిడకి వినిపించడం ఎందుకని కాగితం తీశాను.

మూడేళ్ళుగా ఐస్ హాకీలో మార్టెన్ లేక్ ట్రాపర్స్‌కి ఆడుతున్నాడు నా కొడుకు. ఈ ఏడాది కెప్టెన్. ఆ జట్టుకి మేనేజరు వాడి సొంత మేనమామ. మంగళవారం మూడింటికి సాధన కోసం రింక్‌కి వెళ్తే, సామాన్లు చూసుకునే ఆర్చీ తలుపు దగ్గరే ఆపి, అప్పటికే సర్దేసిన సంచీ, ఒక కవరు చేతిలో పెట్టాడట. కవర్లో బస్సు టికెట్టు, రెండు వాక్యాలు, కింద నీ సంతకం. "మామయ్య ఎక్కడ?" అని అడిగితే, "ఊళ్ళో లేడు" అన్నాడట ఆర్చీ, నేల చూస్తూ. రింక్ వెనకాల నీ నీలం కారు ఉంది. తారాస్ చూశాడు. నీ ఆఫీసు తలుపు కూడా తట్టాడు.

అందుకని ఒక్కటే అడుగుతున్నాను. మంగళవారం మూడింటికి నువ్వెక్కడున్నావు?

ఇంకోటి, ఎవరి కోసం? ఇంకా గడ్డం గీసుకోని పదహారేళ్ళ పిల్లాడి కోసం. పేరు కార్మన్ ఫైఫ్ అట. ముందు ముందు గొప్ప డిఫెన్స్ ఆటగాడు అవుతాడట. అవుతాడు సరే, ఈ ఏడాది ఎవరాడతారు?

మీ బావ నడుం నొప్పితో పడుకునే ఉన్నాడు. సంగతి చెప్తే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నీ అక్క,
హలీనా


మార్టెన్ లేక్
23 నవంబరు 1974

అక్కకి,

నీ ఉత్తరం చదివాను. కోపం వస్తుందని తెలుసు. కానీ ఆట నీకు తెలియనిది కాదు. నాకు నేర్పిందే నువ్వు. కాబట్టి ఆట తెలిసిన మనిషికి చెప్పినట్టే చెప్తాను.

పద్నాలుగు ఆటల్లో అరవై ఒక్క గోల్స్ ఇచ్చుకున్నాం. మా గోలీ పాపం రింక్‌లోంచి బయటికి వస్తుంటే యుద్ధంలోంచి వచ్చినట్టుంటాడు. వెనకాల నిలబడి ఆపేవాడే లేడు. తారాస్‌కి పంతొమ్మిది దాటింది. ఎలాగూ వచ్చే ఏడాదితో ఈ లీగులో వయసైపోతుంది. ఫైఫ్ నాలుగేళ్ళుంటాడు. ఆరడుగుల రెండంగుళాలు. మెడ తిప్పకుండానే వెనకాల ఎవరున్నారో తెలుసుకుంటాడు. అది నేర్పితే వచ్చేది కాదు. కోల్డ్‌స్ప్రింగ్ వాళ్ళు ఈ ఏడాదే గెలవాలని తొందరపడి వదులుకున్నారు. అలాంటి అవకాశం పదేళ్ళకోసారి వస్తుంది. బోర్డులో ఏడుగురిలో ఆరుగురు సరేనన్నారు.

"మేనల్లుడు కాబట్టి పెట్టుకున్నాడు" అని మూడేళ్ళుగా ఊరు నన్ను అంటూనే ఉంది. ఇప్పుడు పంపేస్తే నువ్వు అంటున్నావు.

ఆ మంగళవారం నేను పనిలో ఉన్నాను. ఒక మార్పిడి జరిగితే లీగుకి కాగితాలు ఎన్ని పంపాలో నీకు తెలియదు.

బావ నడుముకి వేడి ఇసుక మూట పెట్టి చూడు.

నీ తమ్ముడు,
ఒరెస్ట్


జెలేనా
1 డిసెంబరు 1974

ఒరెస్ట్‌కి,

ఏ ఊళ్ళో పనిలో ఉన్నావు? నీ కారు లేకుండా ఎలా వెళ్ళావు? నేను అడిగింది లీగు కాగితాల గురించి కాదు.

సరే, ఆట గురించే మాట్లాడదాం అంటావు కదా. మాట్లాడదాం. నిన్న మీ బావని పక్కింటివాళ్ళకి అప్పజెప్పి, తొంభై మైళ్ళు బండి నడుపుకుంటూ వచ్చాను, నీ గొప్పవాణ్ణి చూడ్డానికి. నీకు కనబడకుండా ఉత్తరం వైపు గోల్ వెనక కూర్చున్నాను. ఆ ఫైఫ్ పిల్లాడు పొడుగ్గా ఉన్న మాట నిజమే, కరెంటు స్తంభమూ పొడుగ్గానే ఉంటుంది. మొదటి పీరియడ్‌లో పక్ తీసుకుని మన గోల్ ముందు నుంచే అడ్డంగా ఇచ్చాడు. నేరుగా అవతలివాడి స్టిక్ మీదికి. గోల్. రెండో పీరియడ్‌లో మళ్ళీ అదే. జనం ఊళ వేశారు. నేనూ వేశాను. "ఇంటికెళ్ళి మీ అమ్మ ఒళ్ళో పడుకో" అని అరిచాను కూడా. నా గొంతు ఎంత దూరం వెళ్తుందో నీకు తెలుసు. వాడు తిరిగి చూశాడు.

డిఫెన్స్ అంటే ఇరవై ఏళ్ళు దాటాక వచ్చే బుద్ధి. పదహారేళ్ళవాణ్ణి తీసుకొచ్చి మగాళ్ళ మధ్య నిలబెట్టి, వెనకాల చూసుకో అంటే వాడేం చూసుకుంటాడు? వాడి పక్కన నిలబడాల్సిన కెప్టెన్‌ని పంపేశావు కదా.

అదంతా ఒక ఎత్తు. వాడి ఒంటి మీద ఏడో నంబరు చూశాను. తారాస్ నంబరు. పద్దెనిమిది రోజులు కూడా ఆగలేకపోయావా? ఆ చొక్కా భుజం దగ్గర కుట్టు నా చేతిది. పోయిన మార్చిలో చిరిగితే నేనే కుట్టాను. ఆ కుట్టు ఇంకొకడి భుజం మీద తిరుగుతుంటే అక్కడే కూర్చుని చూశాను.

హలీనా


మార్టెన్ లేక్
9 డిసెంబరు 1974

అక్కా,

నువ్వు నా రింక్‌కి వచ్చి పదహారేళ్ళ పిల్లాడి మీద అరిచావు. పొరుగు జట్టు అభిమానులు అరిస్తే అది ఆట. మేనేజరు అక్క అరిస్తే మర్నాడు మంగలి దుకాణంలో నా మొహం చూసి నవ్వుతారు. నవ్వారు కూడా.

ఏడో నంబరు సంగతి నాకు తెలియదు. ఆ పిల్లాడి ఒంటికి సరిపోయే చొక్కా అదొక్కటే ఉందని ఆర్చీ ఇచ్చాడట. ప్రతిదాని వెనకా నా కుట్ర ఉందనుకుంటే నేనేం చేయను?

తారాస్‌కి రెండు ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. వాణ్ణి నా మీదికి ఎగదోస్తున్నావని అనుకోవలసి వస్తోంది. వాడు అలాంటివాడు కాదు. నాకు తెలిసిన తారాస్ కోపమొస్తే వచ్చి మొహం మీదే చెప్తాడు.

నువ్వు ఇంత దూరం తెచ్చావు కాబట్టి నేనూ చెప్తున్నాను, ఎప్పుడూ చెప్పకూడదనుకున్న మాట. తారాస్ మంచి కెప్టెన్. మంచి పిల్లాడు. కానీ పై లీగుకి వెళ్ళడు. ఒక్క పెద్ద జట్టువాడు కూడా వాడి గురించి నన్ను అడగలేదు. మూడేళ్ళలో ఒక్కడూ లేడు. ఫైఫ్ గురించి నెలలో నలుగురు అడిగారు. ఇది నేను పుట్టించిన మాట కాదు, నా కళ్ళు చెప్పిన మాట. నీ కళ్ళూ అదే చెప్తాయి, నువ్వు వాటిని అడిగితే.

క్రిస్మస్‌కి వస్తాను. ఎప్పటిలాగే, మన పాత పంచాంగం ప్రకారం జనవరి ఆరు సాయంత్రానికి. కూర్చుని మాట్లాడుకుందాం.

ఒరెస్ట్


జెలేనా
20 డిసెంబరు 1974

గౌరవనీయులైన మేనేజరు గారికి,

పండగకి రావద్దు.

పన్నెండు రకాల వంటలూ చేస్తాను, చచ్చిపోయినవాళ్ళకి కూడా ఒక పళ్ళెం పెడతాను. నీకు మాత్రం పెట్టను. అమ్మ పోయినప్పుడు నీకు మూడేళ్ళు. నాకు పద్నాలుగు. మడుగు గడ్డ కట్టిన రోజుల్లో నీ కాళ్ళకి స్కేట్లు కట్టి, నువ్వు పడిపోకుండా ముందు నేను వెనక్కి నడిచేదాన్ని. ఆ చేతులతోనే ఇది రాస్తున్నాను.

నా కొడుకు పనికిరాడని నాకు రాసే ధైర్యం ఉంది నీకు. మొహం మీద చెప్పే ధైర్యం మాత్రం లేదు. వాడికీ చెప్పలేదు, నేను అడిగినదానికీ చెప్పలేదు.

హలీనా డూబిక్


మార్టెన్ లేక్
10 జనవరి 1975

అక్కా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. మూడు వారాలు ఏ రైలు పెట్టెలో పడుందో. కాబట్టి నేను ఆరో తేదీన వచ్చేశాను. వచ్చేసరికి నాలుగు కూడా కాలేదు, వెలుతురు ఉంది. ఇల్లంతా తలుపులు వేసి ఉంది. కుక్క గొలుసు మీద నన్ను చూసి తోక ఆడించింది, దానికి కబురు అందలేదు కాబోలు. తలుపు తట్టాను. వెనక్కి వెళ్ళి వంటింటి కిటికీ తట్టాను. లోపల ఎవరో కదిలినట్టే అనిపించింది. నారింజపళ్ళ బుట్ట గుమ్మంలో పెట్టి తిరిగి వెళ్ళిపోయాను. అంతసేపూ నువ్వు తెర వెనకాల నిలబడి ఉంటావని అనుకుంటూ నడిపాను బండి.

ఇంత పగ నువ్వు పట్టగలవని నాకు తెలియదు.

చివరి పదకొండు ఆటల్లో తొమ్మిది గెలిచాం. పత్రికలో వచ్చింది, చూసి ఉంటావు. ఫైఫ్ ఇప్పుడు అడ్డంగా పాస్ ఇవ్వడం మానేశాడు. ఒక్కొక్కసారి ఇరవై నిమిషాలు ఆడుతున్నాడు. కోల్డ్‌స్ప్రింగ్ మేనేజరు నాకు ఫోన్ చేసి, "నా నెత్తిన చెయ్యి పెట్టావయ్యా" అన్నాడు. ఇది నీకు నచ్చదని తెలుసు, అయినా రాస్తున్నాను, ఎందుకంటే నిజం.

ఒరెస్ట్


జెలేనా
24 ఫిబ్రవరి 1975

ఒరెస్టూ,

ముందు ఆ పండగ సంగతి. మేము ఆ రోజు మధ్యాహ్నమే మీ బావ అన్నగారింటికి వెళ్ళాం. ఆయనకి గుండె నొప్పి వచ్చిందని కబురొచ్చింది. పన్నెండు వంటల్లో ఏడు పొయ్యి మీదే వదిలేసి వెళ్ళాను. తెర వెనకాల ఎవరూ లేరు, పిల్లి తప్ప. మనుషులు తలుపు తడుతుంటే లోపల నక్కి కూర్చునే అలవాటు ఈ ఇంట్లో ఎవరికీ లేదు. నారింజపళ్ళు గడ్డ కట్టాయి. జామ్ చేశాను. నీకు జాబు రాయనిది మాత్రం కోపంతోనే.

ఇక శనివారం సంగతి.

ఏడాదికి ఒక్కసారే కోల్డ్‌స్ప్రింగ్ మీ ఊరొస్తుంది. నా కొడుకుని మూడు నెలల తర్వాత చూడ్డానికి వచ్చాను, మధ్యాహ్నం రెండింటి ఆటకి. చిక్కిపోయాడు. చెయ్యి ఊపితే తల ఊపాడంతే. నువ్వు పైన అద్దాల గదిలో ఉన్నావు, నాకూ కనిపించావు, వాడికీ కనిపించావు. వాడు ఆట కంటే ఆ అద్దం వైపే ఎక్కువ చూడ్డం నేను గమనించాను.

మూడో పీరియడ్‌లో పక్ మూలకి వెళ్ళింది. ఫైఫ్ పిల్లాడు దానికోసం వెళ్ళాడు, వీపు ఇటు తిప్పి. తారాస్ ఎక్కడో దూరాన ఐసు మీది నీలిగీత దగ్గర నుంచి వచ్చాడు. ఆపుకోవడానికి చోటుంది, ఆపుకోలేదు. స్కేట్లు రెండు సార్లు తోశాడు, ఇంకా వేగంగా రావడానికి. నేను చూశాను. వెనక నుంచి, రెండు చేతులతో, చెక్క గోడకేసి కొట్టాడు. ఆ చప్పుడు నీకూ వినిపించే ఉంటుంది.

నా కొడుకు చేశాడది. వాడు అక్కడే నిలబడి చూస్తూ ఉండిపోయాడు. రిఫరీ లాక్కెళ్తుంటే నా వైపు చూశాడు. నేను మొహం తిప్పేసుకున్నాను. వాడు ఇంత చేశాక కూడా నిన్ను తిట్టడానికి నాకు నోరు మిగిలి ఉంది, ఆ తిట్టు తర్వాత.

నువ్వు కిందికి దిగి రిఫరీల గదిలోకి పోయావు, ఎన్ని ఆటలు నిషేధం వేయించాలో వాదించడానికి. స్ట్రెచర్ వెనకాల మీవాళ్ళు ఒక్కరూ లేరు. కోచ్‌కి ఇంకా ఏడు నిమిషాల ఆట ఉంది. అంబులెన్సువాడు, "ఈ పిల్లాడి తాలూకు ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు. ఎవరూ పలకలేదు. నేనెక్కాను.

భుజం దగ్గర ఎముక విరిగింది, రెండు పక్కటెముకలు చిట్లాయి. ఇవన్నీ తర్వాత డాక్టరు చెప్పాడు. బండిలో మాత్రం వాడు నా చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుని పడుకున్నాడు. నేను, "కదలకు బాబూ, దగ్గరికొచ్చేశాం" అన్నాను. వాడు కళ్ళు తెరిచాడు.

"మీ గొంతు నాకు తెలుసు," అన్నాడు. "అమ్మ ఒళ్ళో పడుకో అని అరిచింది మీరే."

అవునన్నాను. ఇంకేం అనను?

"మా అమ్మ మూడేళ్ళ క్రితం పోయింది," అన్నాడు. కోపంగా కూడా కాదు. ఊరి పేరు చెప్పినట్టు చెప్పాడు.

"నేను తారాస్ తల్లిని," అన్నాను. చెయ్యి లాక్కుంటాడనుకున్నాను, లాక్కోలేదు. కాసేపయ్యాక, "ఆ ఏడో నంబరు నాకొద్దని ఆర్చీతో చెప్పాను మిసెస్ డూబిక్. ఇంకోటి లేదన్నాడు," అన్నాడు.

ఆసుపత్రిలో వాళ్ళ నాన్నకి కబురు పంపించాక, ఎక్స్‌రే కోసం కూర్చున్నప్పుడు అడిగాను, కోల్డ్‌స్ప్రింగ్ నుంచి ఎలా వచ్చావు బాబూ అని. స్కూల్లో భోజనాల వేళ చేతిలో కవరు పెట్టారట. రెండు వాక్యాలు, బస్సు టికెట్టు. తను ఉంటున్న ఇంటావిడకి వెళ్ళొస్తానని చెప్పేందుకు కూడా టైము ఇవ్వలేదట. తెలియని ఊళ్ళో దిగి, ముప్ఫై గంటలు నిద్రలేకుండా మర్నాడే ఆడాడు. మీ ఊరు ఊళ వేసింది. మూడో రోజో నాలుగో రోజో నేను వచ్చి అరిచాననుకున్నాడు, ఆ మొదటి నెలంతా వాడికి ఒకే రోజులా ఉందట.

మార్పిడి సరైనదా కాదా అని రెండు నెలలు వాదించాం మనిద్దరం. మీరు మార్చుకున్నది ఇద్దరు పిల్లల్ని. రెండు ఊళ్ళలోనూ ఒక్క పెద్దమనిషి దిగి వచ్చి, ఎదురుగా కూర్చుని, "బాబూ, నిన్ను పంపిస్తున్నాం, ఇందుకు" అని చెప్పలేదు. కవర్లు. ఆర్చీలు. మీరంతా కలిసి నా కొడుకుని ఇలా చేశారు, వాడు ఆ పిల్లాణ్ణి అలా చేశాడు. వాడి తప్పు వాడిదే, నేను కాదనను, వాడికి అదే రాశాను. నీ తప్పు మాత్రం నీది.

చివరిసారి అడుగుతున్నాను. ఆ మంగళవారం ఎక్కడున్నావు?

హలీనా


మార్టెన్ లేక్
1 మార్చి 1975

అక్కా,

ఆఫీసులో ఉన్నాను.

లైటు ఆపేసి కూర్చున్నాను. వాడు తలుపు తట్టాడు. మూడుసార్లు. "మామయ్యా, కారు చూశాను," అన్నాడు. నేను ఊపిరి బిగబట్టాను. నలభై ఏళ్ళ మనిషిని. వాడు వెళ్ళిపోతున్న అడుగుల చప్పుడు వినిపించాక కూడా చాలాసేపు కదల్లేదు, మళ్ళీ వస్తాడేమోనని.

వాడు బతిమాలతాడని భయపడలేదు. వాడు బతిమాలే రకం కాదు. "సరే మామయ్యా" అంటాడేమోనని భయం. అంటే నేను తట్టుకోలేను. కెప్టెన్‌ని చేసినప్పుడు వాడి చొక్కాకి కెప్టెన్ గుర్తుగా ఆ 'సి' అక్షరం నేనే అతికించాను.

ఆర్చీని ఊళ్ళో లేనని చెప్పమన్నది నేనే. ఆయనకి ఇష్టం లేదు. అప్పటి నుంచి నాతో అవసరానికి మించి మాట్లాడడు. ఏడో నంబరు సంగతి నాకు తెలియదని రాశాను. రెండో రోజే తెలుసు. మార్పించాలంటే ఆర్చీ మొహం చూడాలి కదా, వదిలేశాను.

ఆ శనివారం పైన అద్దం దగ్గర నిలబడి, వాడు నన్ను చూస్తున్నాడని తెలిసీ తప్పుకోలేదు. తప్పుకుంటే మళ్ళీ దాక్కున్నట్టవుతుందని. ఆ తర్వాత ఏం జరిగిందో నువ్వే చూశావు.

ఫైఫ్‌ని చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళాను. ఈసారి కుర్చీ వేసుకుని కూర్చున్నాను. వాడు, "నన్ను మళ్ళీ పంపించేస్తున్నారా?" అని అడిగాడు, నేను నోరు తెరవకముందే. కాదని తల అడ్డంగా ఊపాను.

నన్ను ఏమంటావో అను.

ఒరెస్ట్


జెలేనా
6 మార్చి 1975

ఒరెస్టూ,

నాకెందుకు చెప్తున్నావు? నీ తలుపు తట్టింది నేను కాదు.

కోల్డ్‌స్ప్రింగ్‌కి దారి నీకు తెలుసు. ఉత్తరం రాయకు, ఫోన్ చేయకు. వెళ్ళు.

హలీనా


కోల్డ్‌స్ప్రింగ్, బ్రిటిష్ కొలంబియా
17 మార్చి 1975

అక్కా,

మూడు రోజులు పట్టింది. కొండల్లో మంచు పడి ఒక పూట దారి మూసేశారు. నిన్న మధ్యాహ్నం చేరాను.

తారాస్ ఉంటున్న ఇల్లు కలప మిల్లు వెనక వీధిలో ఉంది. నిషేధం వల్ల ఈ ఏడాదికి ఇక ఆడడు కదా, ఆ ఇంటావిడకి వంటింటి గోడకి రంగు వేస్తున్నాడు. తలుపు వాడే తీశాడు. చేతిలో బ్రష్షు. నన్ను చూసి లోపలికి రమ్మనలేదు, వెళ్ళమనలేదు. తిరిగి లోపలికి వెళ్ళిపోయాడు, తలుపు తీసే ఉంచి. నేను వెనకాలే వెళ్ళాను. కుర్చీ లాగబోతే, "నిలబడే చెప్పు మామయ్యా," అన్నాడు.

నిలబడే చెప్పాను. నీకు రాసిందంతా. అద్దం సంగతితో సహా. వాడు గోడవైపు తిరిగి రంగు వేస్తూనే విన్నాడు.

అయ్యాక, "నువ్వు లోపలే ఉన్నావని నాకు తెలుసు," అన్నాడు. "తలుపు కింద నుంచి నీ సిగరెట్టు వాసన వచ్చింది. బస్సులో ఎనిమిది వందల మైళ్ళూ అదే అనుకున్నాను. తలుపు తీసి 'పోరా' అని ఉంటే నాకు బాగుండేది."

"తీయాల్సింది," అన్నాను.

"అవును, తీయాల్సింది." బ్రష్షు డబ్బాలో పెట్టాడు. "ఆ రోజు నేను కొట్టింది ఫైఫ్‌ని కాదు. నువ్వు అద్దం వెనక ఉన్నావు, నా చేతికి అందవు. వాడు అందాడు. వాడి వీపు మీద నా నంబరు కూడా ఉంది. కానీ వాడి వీపు మీద పేరు లేదు మామయ్యా, అది నాకు తర్వాత తట్టింది. వాడెవరో నేను చూడనే లేదు."

తర్వాత, "మళ్ళీ ఆడతాడా?" అని అడిగాడు. సెప్టెంబరుకి ఆడతాడని డాక్టరు చెప్పాడన్నాను. సింకు దగ్గరికి వెళ్ళి చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. రంగు పోయాక కూడా కడుక్కుంటూనే ఉన్నాడు.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు," అన్నాడు, నావైపు చూడకుండా. "మార్పిడి సరైనదేనా?"

అబద్ధం ఆడబోయాను అక్కా. నువ్వు నా ఎదురుగా ఉన్నట్టే అనిపించింది. "సరైనదే," అన్నాను.

"నాకూ అదే అనిపించింది," అన్నాడు. "వాణ్ణి ఆ ఆటలో రెండు పీరియడ్‌లు దగ్గర నుంచి చూశాను. నేనైనా అదే చేసేవాణ్ణి."

అప్పుడు కుర్చీ నావైపు తోశాడు. నేను కూర్చోలేకపోయాను. వాడు కోపంగా, "కూర్చో మామయ్యా, మూడు రోజులు నడుపుకుంటూ వచ్చావు," అన్నాడు. కూర్చున్నాను. సూప్ వేడి చేసి పెట్టాడు. క్షమించలేదు. క్షమించమని నేను అడగలేదు కూడా.

రేపు తిరిగి బయలుదేరతాను. బోర్డుకి ఒక మాట చెప్పబోతున్నాను. ఇకముందు ఏ పిల్లాణ్ణి పంపించినా నేనే చెప్తాను, ఎదురుగా కూర్చుని. కుదరదంటే ఇంకో మేనేజర్ని చూసుకోమంటాను.

నీ తమ్ముడు,
ఒరెస్ట్


జెలేనా
14 ఏప్రిల్ 1975

ఒరెస్టూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగుసార్లూ ఒకచోటే ఆగాను. "నేనైనా అదే చేసేవాణ్ణి" అన్నాడట నా కొడుకు.

వాడు నాకూ రాశాడు. ఇక ఆడడట. శరదృతువులో సస్కటూన్ వెళ్ళి వెల్డింగు నేర్చుకుంటాడట. "అమ్మా, ఎలాగూ ఇంకో ఏడాదితో అయిపోయేదే, నీకెలా చెప్పాలో తెలియక రెండేళ్ళు లాగాను" అని రాశాడు. పశువుల కొట్టంలోకి వెళ్ళి ఏడ్చాను. అక్కడ లైను లేదు, మిసెస్ హ్రిట్సాక్ లేదు.

ఫైఫ్ పిల్లాడికి కూడా తారాస్ ఉత్తరం రాశాడు. పోయిన వారం నేను చూడ్డానికి వెళ్తే కార్మన్ ఆ మాట చెప్పాడు. ఏం రాశాడో చూపించలేదు, నేను అడగలేదు. చేతికి కట్టు తీసేశారు. స్కూలు అయ్యేదాకా మీ ఊళ్ళోనే ఉంటాడు. మే నాలుగున మన ఈస్టరుకి రమ్మన్నాను. తారాస్ ఉంటాడని ముందే చెప్పాను. రెండు నిమిషాలు ఆలోచించి, "వస్తాను," అన్నాడు. "తారాస్ పక్కన కూర్చోను," అన్నాడు. సరే, నా పక్కన కూర్చో అన్నాను.

నీ మీద కోపం తగ్గలేదు. తగ్గిందని అనుకుని రాకు. వాడి మామయ్యవి అయ్యుండి అంతసేపు చీకట్లో కూర్చున్నావు చూడు, అది నేను మర్చిపోయే మాట కాదు.

కానీ నిన్ను తిట్టినన్నాళ్ళూ నన్ను నేను ఒక సంగతి అడగకుండా తప్పించుకున్నాను. తారాస్ ఎడమవైపు తిరిగేటప్పుడు కాలు ఆలస్యమవుతుంది. అర సెకను కూడా ఉండదు. పద్నాలుగో ఏట మొదటిసారి చూశాను. మరుసటి ఏడు దిద్దుకుంటాడనుకున్నాను. దిద్దుకోలేదు. పై లీగులో ఆ అర సెకను చాలు. నీకంటే ముందు, పెద్ద జట్లవాళ్ళకంటే ముందు నాకు తెలుసు. ఎవరితోనూ అనలేదు. వాడితో అసలే అనలేదు. ఆదివారం ఇంటికొచ్చి, "ఎలా ఆడాను అమ్మా?" అని అడిగేవాడు. "బ్రహ్మాండంగా ఆడావు నాన్నా," అనేదాన్ని. ఐదేళ్ళు అలాగే అన్నాను. వాడు రెండేళ్ళుగా నాకు చెప్పలేక లాగాడంటే ఎందుకో ఇప్పుడు తెలిసింది.

నీ ఉత్తరం డిసెంబరులో వచ్చినప్పుడు నాకు అంత ఒళ్ళు మండింది నువ్వు అబద్ధం రాశావని కాదు.

మే రెండున, శుక్రవారం తారాస్ బస్సు దిగుతాడు. ఇంటికి పదకొండు మైళ్ళు. బండిలో మేమిద్దరమే ఉంటాం, మీ బావ రానన్నాడు. ఆ పదకొండు మైళ్ళలోనే వాడికి ఇదంతా చెప్తాను. నువ్వు ఆదివారం రా.

నీ అక్క,
హలీనా